ఇద్దరుంటే మీటింగే

మా బావ సౌదీలో ఉన్నన్ని ఏండ్లు చుక్క ముట్టలేదు. సెలవు మీద మేడిపల్లికి వస్తే మాత్రం దిగిన రాత్రి నుంచి మళ్లీ విమానం ఎక్కేదాకా తాగుడే. కాంట్రాక్టు అయిపోయి ఇంటికే వచ్చేశాక ఇక ఎక్కే విమానం లేదు. ‘అన్నేండ్లు మానినోడు ఇక్కడ మానలేడా?’ అని ఊరంతా మా అక్కను అడిగేది. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆమె తల వంచుకునేది.

జగిత్యాల–కోరుట్ల రోడ్డు మీది మా ఊళ్లో మందు కోసం వైన్స్‌దాకా పోనక్కర్లేదు. బెల్టుషాపులో తెల్లారకముందే క్వార్టర్ దొరుకుతుంది. అప్పు కూడా పెడతారు.

ఒక దసరాకు ఒట్టు పెట్టుకుని బావ ఉన్నపళంగా మానేశాడు. మూడో రోజు గోడ మీద మనుషులు పాకుతున్నారని అరిచాడు, ఫిట్స్ వచ్చాయి. జగిత్యాలలో డాక్టర్ చెప్పేదాకా మాకెవరికీ తెలియదు: ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు, అది ఆస్పత్రి చూపులోనే జరగాలి. ముందు బి1 ఇంజక్షన్ చేసి, ఆ తర్వాతే గ్లూకోజ్ పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టర్ అన్న మాట మా కుటుంబాన్ని నిలబెట్టింది: “వణుకు నేను తగ్గిస్త. మళ్ల తాగకుండ ఉండాలంటే తాగి మానినోళ్ల దగ్గర కూసోబెట్టండి.”

అట్లా తెలిసింది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో బతుకు పాడుచేసుకున్నవాళ్లే. మన దేశంలో 1957లో ఢిల్లీలో మొదలైంది. మాకు తెలిసిన మీటింగ్ సికింద్రాబాద్‌లో ఉంది. కోరుట్ల బస్సెక్కి జేబీఎస్‌లో దిగాం.

చర్చి వెనక చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు. ఇంటివాళ్లు కూడా కూర్చోగలిగే ఓపెన్ మీటింగ్ కాబట్టి నన్నూ రానిచ్చారు. ఒక పెద్దాయన చాయ్ పోస్తున్నాడు. అందరికీ నిండుగా పోసి, బావ గ్లాసులో సగమే పోశాడు. బావ రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు పంటికి తగిలి టకటకలాడింది, చాయ్ మాత్రం ఒలకలేదు. “నాకు కూడ మొదటిరోజు గింతే పోశిండ్రు తమ్మీ,” అన్నాడాయన. ఎన్ని పెద్దమనుషుల పంచాయితీలు చూశాడో మా బావ! ఒక్కదాంట్లోనూ ఆయన చేతులను ఇట్లా పట్టించుకున్నవాళ్లు లేరు.

ఒక్కొక్కరు పేరు చెప్పి, “నేను ఆల్కహాలిక్‌ని” అని మొదలుపెట్టారు. సలహాలు లేవు, తిట్లు లేవు. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. జీవితాంతం మానేస్తానని ఒట్టు పెట్టమని ఎవరూ అడగలేదు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమన్నారు. అక్కడ విన్నది అక్కడే వదలాలన్నది వాళ్ల కట్టుబాటు. అందుకే మిగతావాళ్లు తమ వంతులో చెప్పుకున్నవి నేను రాయను. బావ సంగతి ఆయన సరేనన్నాకే రాస్తున్నాను. తన వంతు వచ్చినప్పుడు బావ చాలాసేపు నేలచూపులు చూసి అన్నాడు: “సౌదీల నేను మానలే. దొరకలే, గంతే.”

అన్నేండ్లుగా ఊరు అడిగిన ప్రశ్నకు జవాబు అది. ఇంట్లో ఎన్నడూ నోట రాని మాట, ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు వచ్చింది.

తర్వాత కూడా పోయాం. కానీ ప్రతిసారీ రానూపోనూ ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు మీద పడతాయి. “మాకాడ గిసొంటిది ఉండదా?” అని బావ ఆ చాయ్ పెద్దాయనను అడిగాడు. మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే ఏఏ గ్రూపు అని, బిల్డింగూ పర్మిషనూ అక్కర్లేదని, ఇంకే సంస్థ కిందా ఉండకూడదని ఆయన చెప్పాడు.

అయితే మా ఊళ్లో ఆ రెండోవాడు ఎవరు? పట్నంలో పేరు దాచుకోవచ్చు. ఊళ్లో ఎవరు ఏ గల్లీలోంచి వస్తున్నారో అందరికీ తెలుసు. బావ ఎవరినీ పిలవలేదు. సీసా కల్లుకు అలవాటుపడిన ఒక రైతు తనంతట తానే వచ్చి, “నువ్వెట్ల ఆపుతున్నవ్?” అని అడిగాడు. ఇద్దరూ చీకటి పడ్డాక కాలువ గట్టు మీద కూర్చునేవాళ్లు. 2020లో కరోనాతో అంతా బందయ్యాక మీటింగులు ఫోన్లలోకి వచ్చాయి. అప్పటినుంచి స్పీకర్ పెట్టుకుని ఇద్దరూ వినేవాళ్లు. మధ్యలో బావ ఒకసారి మళ్లీ తాగాడు. పెద్దాయన ఏమీ అనలేదు, “రేపు రా” అన్నాడు. బావ వెళ్లాడు.

మందు ఎక్కడ దొరుకుతుందో మా మండలంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మానేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో మాత్రం ఏ గోడ మీదా ఉండదు. మీటింగు ఎక్కడో, ఏ పూటో కోరుట్ల బస్టాండులో, ప్రతి సర్కారు దవాఖానాలో రాసి పెట్టాలి. దాని పక్కనే వ్యసనాల హెల్ప్‌లైన్ 14446, మనసు బాగాలేనప్పుడు తెలుగులోనే మాట్లాడగలిగే టెలీ మానస్ 14416 ఉండాలి. ఇది చేయడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

తాగేవాళ్ల ఇంటివాళ్లకు కూడా అలనాన్ అని వేరే కూటమి ఉందని, 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ వాళ్లు మొదలుపెట్టారని చెప్తే అక్క ఆకు కత్తిరించడం ఆపింది. “మాక్కూడ ఇద్దరుంటె సాలా?” అంది. సరిపోతుందన్నాను. పక్కింటామెను పిలవడానికి లేచింది.