ఇత్తడి పొట్టు

మేముండేది టెక్సాస్‌లో. మావారికి రైఫిల్ గురి పోటీల పిచ్చి. ఓ ఆదివారం నేను పప్పుకి తాలింపు వేస్తుంటే, ఆయన డైనింగ్ టేబుల్ మీద కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు పెట్టుకుని, వాటి మెడలు చెక్కుతూ కూర్చున్నారు. మెడ మందం చుట్టూ ఒకేలా లేకపోతే అందులో గుండు సూటిగా కూర్చోదట. మరీ పల్చగా చెక్కితే చీలిపోతుందట. అంగుళంలో వెయ్యోవంతు తేడా కూడా పనికిరాదు! కూరలో ఉప్పు లేకపోయినా తెలీదు గానీ...

అంతలో పాకుతూ వచ్చిన మనవరాలు కింద రాలిన పొట్టు నోటిదాకా తీసుకెళ్ళింది. నా ప్రాణం పోయినంత పనైంది. కాల్చిన తొడుగుల మసిలో సీసం ఉంటుంది మరి! ఆయన మారుమాట్లాడకుండా పాప చేతులు సబ్బుతో కడిగి, సామానంతా గ్యారేజీకి మోశారు. ఇప్పుడు అక్కణ్ణుంచి వచ్చి చేతులు కడుక్కుంటేగాని అన్నం వడ్డించను.