పడవ దొరికే రోజే నిర్ణయం: దీవులలో మా నాలుగు నెలలు



పదవీ విరమణ చేసిన దంపతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “డాక్టరుగారూ, ఒకరికి బీపీ, ఒకరికి షుగరు. వీపున సంచి వేసుకొని నెలల తరబడి దూరదేశాలు తిరిగితే ప్రమాదం కాదా?” జాగ్రత్తలు తెలుసుకొని, వాటిని ప్రతిరోజూ పాటించే ఓపిక ఉన్నవారు తిరగవచ్చుననే నేను చెబుతాను. 2014లో మే మొదలుకొని ఆగస్టు చివరి వరకు నేనూ నా భార్యా ఇండోనేషియా దీవులలో అలాగే తిరిగాము. అప్పటికి నాకు 62 ఏళ్లు, ఆమెకు 59. నేను ప్రభుత్వ వైద్యుడిగా విరమించి నాలుగేళ్లయింది. ఆమె ఉపాధ్యాయినిగా విరమించి ఏడాది. నాకు రక్తపోటు ఉన్నది. ఆమెకు అప్పటికే పదకొండేళ్లుగా మధుమేహం. మాత్రలతోపాటు రాత్రిపూట ఇన్సులిన్ కూడా తీసుకునేది.

ఇండోనేషియాలో 17,000కు పైగా దీవులున్నాయి. మేము చూసినవి వేళ్లపై లెక్కించదగినన్ని మాత్రమే: బాలి, దానికి తూర్పున వరుసగా లాంబాక్, సుంబావా, ఫ్లోరెస్, వాటి చుట్టూ ఉన్న కొన్ని చిన్న లంకలు. ముందు 60 రోజుల వీసా తీసుకొని, తరువాత నెల నెలా పొడిగించుకున్నాము. దీవికీ దీవికీ మధ్య ఫెర్రీలు, దీవి మీద ఊరి బస్సులు, ‘బెమో’ అని పిలిచే చిన్న వ్యాన్లు, రాత్రికి ఊరివాళ్ల ఇళ్లలో అద్దె గది. ఇదీ మా ప్రయాణ విధానం. ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైన జూన్ 2 నాడు మేము లాంబాక్‌లో ఉన్నాము. ఉమ్మడి రాష్ట్రం నుండి బయలుదేరి విభజిత రాష్ట్రానికి తిరిగి వచ్చాము.

ఈ ప్రయాణం గురించి ఒక వైద్యుడిగా నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఒక్కటే. దీవులలో మనిషికి వచ్చే జబ్బులు చాలావరకు మనకు తెలిసినవే: జ్వరాలు, విరేచనాలు, కాలికి గాయాలు. వాటిని ప్రాణం మీదకు తెచ్చేది ఆలస్యం. పడవ ఎల్లుండి గాని లేదన్నప్పుడు చిన్న పుండుకు ముదరడానికి రెండు రోజులు గడువు దొరుకుతుంది. తూర్పు గోదావరి ఏజెన్సీలో పనిచేసిన కాలంలో వాగులు పొంగినప్పుడు నేను ఇదే చూశాను. డోలీలో మోసుకువచ్చిన రోగులలో చాలామందిని జబ్బు కంటే దారిలో గడిచిన గంటలే ఎక్కువ కుంగదీసేవి. సముద్రం అంతకంటే పెద్ద వాగు. అందుచేత బయలుదేరక ముందే మేము రెండు నియమాలు పెట్టుకున్నాము. ఒకటి: అనుమానం కలిగిన రోజున పడవ గాని బస్సు గాని ఉంటే ఆ రోజే పెద్ద ఊరికి చేరాలి. రెండు: జబ్బుపడిన మనిషి తీర్పు చెప్పరాదు, ఆరోగ్యంగా ఉన్న మనిషి మాటే చెల్లాలి. ఆ జబ్బుపడినది డాక్టరైనా సరే.

సన్నాహాలు ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టాము. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలతోపాటు రేబిస్ టీకా కూడా ముందుగానే తీసుకున్నాము. దీనికి కారణమున్నది. 2008 వరకు బాలిలో రేబిస్ లేదు. ఆ ఏడాది మొదలైన వ్యాధి దీవి అంతా పాకి, వందకు పైగా ప్రాణాలు తీసింది. ఫ్లోరెస్‌లో అది 1997 నుండే ఉన్నది. కుక్క కరిచినప్పుడు టీకాతోపాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ చిన్న దీవులలో దొరకడం కష్టం. ముందే టీకా తీసుకున్నవారికి దాని అవసరం ఉండదు. కరిచిన తరువాత రెండు మోతాదుల టీకా చాలు. ఆ రోజులలో ముందస్తు టీకా మూడు మోతాదులు ఉండేది. 2018 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకు వారం వ్యవధితో రెండు మోతాదులు చాలునని చెబుతున్నది. ఎవరికైనా సరే, కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగడమే మొదటి వైద్యం. అది ఏ దీవిలోనైనా దొరుకుతుంది.

నా సంచి ఎనిమిది కిలోలు, ఆమెది ఆరు. మందులను సగం సగం చేసి రెండు సంచులలోనూ పెట్టాము. ఒక సంచి పోయినా రెండవదానిలో సగం మిగులుతుంది. కంపెనీ పేర్లు దేశానికొక తీరుగా ఉంటాయి గనుక మందుల చీటీ మీద అసలు ఔషధ నామాలు రాయించాము. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇన్సులిన్ వేళను మూడు రోజులలో కొద్దికొద్దిగా జరిపాము. తెరవని ఇన్సులిన్‌ను పట్టణాలలో బస ఇచ్చిన ఇంటివారి ఫ్రిజ్‌లో ఉంచేవాళ్లం. దారిలో చల్లని నీటితో తడిపిన గుడ్డ చుట్టి స్టీలు ఫ్లాస్కులో పెట్టేవాళ్లం. ఒకసారి ఒక జాలరి ఆదరంతో తన చేపల ఐసు పెట్టె చూపి అందులో పెట్టుకోమన్నాడు. నా భార్య నవ్వుతూ వద్దని చెప్పింది. ఐసును తాకి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. అది మళ్లీ కరిగినా పారవేయవలసిందే.

లాంబాక్ చెంత గిలి అనే చిన్న దీవులున్నాయి. అక్కడ మోటారు బండ్లు లేవు, గుర్రపు బండ్లే. మిగిలిన చోట్ల పర్యాటకులు చాలామంది స్కూటర్లు అద్దెకు తీసుకుంటారు. మేము తీసుకోలేదు. మన ఊళ్లో ఏనాడూ హెల్మెట్ పెట్టనివారు కూడా అక్కడ సముద్రపు గాలి తగలగానే కుర్రవాళ్లైపోతారు. విదేశీ ప్రయాణికుల ప్రాణాలు తీసేవాటిలో అంటువ్యాధుల కంటే రోడ్డు ప్రమాదాలు, నీటి ప్రమాదాలే ముందుంటాయి. పడవల విషయంలోనూ అంతే: లైఫ్ జాకెట్ కంటికి కనబడకపోతే మేము ఎక్కలేదు. సుంబావా తూర్పు కొనలోని సాపె రేవు నుండి ఫ్లోరెస్‌కు పెద్ద ఫెర్రీ మీదనే వెళ్లాము. ఆ ఆగస్టులోనే లాంబాక్ నుండి కొమోడో వైపు బయలుదేరిన ఒక పర్యాటక పడవ సముద్రంలో మునిగిపోయింది. ఆ వార్త ఫ్లోరెస్‌లో మేము బస చేసిన ఇంటి టీవీలో చూశాము.

సుంబావాకు చేరేసరికి రంజాన్ నెల. ఆ దీవిలో అధికులు ముస్లిములు. పగటిపూట చాలా భోజనశాలలు మూసి ఉంటాయి. ఇన్సులిన్ తీసుకునే మనిషి వేళకు తినకపోతే చక్కెర పడిపోతుంది. నా భార్య ప్రతి సాయంత్రం మరునాటి పగటికి సరిపడా ఉడికిన గుడ్లు, అరటిపళ్లు, వేరుశనగలు కొని సంచిలో పెట్టుకునేది. ఉపవాసమున్నవారి ఎదుట తినడం బాగుండదని గదిలోనే తినేది. ఇఫ్తార్ వేళ పొరుగింటివారు మమ్మల్ని పిలిచి ఖర్జూరాలు పెట్టారు. ఆమె ఒకటి తిని, మిగిలినవి నాకు ఇచ్చింది.

ఇక అసలు పరీక్ష ఫ్లోరెస్ ఉత్తర తీరంలోని రియుంగ్‌లో ఎదురైంది. అక్కడి సముద్రపు ఉద్యానవనాన్ని ‘పదిహేడు దీవులు’ అంటారు. నిజానికి దీవులు అంతకంటే ఎక్కువే. ఆ దేశపు స్వాతంత్ర్య దినమైన ఆగస్టు 17కు గుర్తుగా ఆ పేరు పెట్టారు. లోతులేని నీటిలో నడుస్తుండగా అల తాకిడికి నా భార్య చెప్పు ఊడి, పాదం పక్కన పగడపు రాయి గీసుకున్నది. గాయం చింతగింజంత. మనలో చాలామంది దాన్ని పసుపు అద్ది మరిచిపోతారు. పగడం గీసిన గాయంలో కంటికి కనబడని రాతి నలుసులు మిగులుతాయి. సముద్రపు సూక్ష్మజీవులు వాటితోపాటు లోపలికి చేరుతాయి. మధుమేహమున్న పాదానికి ఇది మామూలు గీత కాదు. కాచి చల్లార్చిన నీటితో, సబ్బుతో కడిగి, కనబడిన నలుసులను పట్టకారుతో తీసి, పావిడోన్ అయోడిన్ రాశాము. ఎరుపు ఎంతవరకు ఉన్నదో దాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన వేళ రాశాను: సాయంత్రం ఆరు.

తెల్లవారి ఆమే చూసి చెప్పింది. “ఏమండీ, గీత దాటింది.” వేలి వెడల్పున దాటింది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు. “సాయంత్రం దాకా చూద్దామండీ, పదిహేడింటిలో రెండు దీవులే కదా చూశాం” అన్నది. మధుమేహం ముదిరిన పాదంలో నొప్పి తెలియకపోవడం ధైర్యం చెప్పే లక్షణం కాదు. “తీర్పు నాది. ఇవాళ్టి బస్సుకే వెళదాం, సంచి సర్దు” అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా సర్దింది.

ముందు ఆ ఊరి ‘పుస్కెస్‌మాస్’కు వెళ్లాము. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వంటిదే అది. నర్సు కట్టు కట్టి, పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్నది. కొండ దారిలో నాలుగు గంటల ప్రయాణం తరువాత దక్షిణ తీరంలోని ఎండె పట్టణం చేరాము. అక్కడి యువ వైద్యురాలు గాయాన్ని తెరిచి, ఆవగింజంత పగడపు ముక్క తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టింది. చక్కెర 280కి చేరింది. కొన్నాళ్లు ఇన్సులిన్ మోతాదు పెంచవలసి వచ్చింది. ఒక్కరోజు ఆగి ఉంటే ఏమయ్యేదని నేను ఊహించి చెప్పను. కాని చిన్న గాయంతో వచ్చి పాదం పోగొట్టుకొని వెళ్లినవారిని నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. వారి కథలన్నింటిలోనూ “రేపు చూద్దాం” అన్న మాట ఉండేది.

ఎండెలో పన్నెండు రోజులు ఆగిపోయాము. ఆ దేశపు తొలి అధ్యక్షుడు సుకర్ణోను డచ్చి ప్రభుత్వం 1934 నుండి 1938 వరకు ప్రవాసంలో ఉంచినది ఆ పట్టణంలోనే. ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉన్నది. నేను వెళ్లి చూసి వచ్చాను, ఆమె కాలు ఎత్తుమీద పెట్టుకొని గదిలో ఉన్నది. దీర్ఘ ప్రయాణానికి ఉన్న గొప్ప సౌలభ్యం ఇక్కడే నాకు తెలిసివచ్చింది. వారం రోజుల యాత్రకు వెళ్లినవారికి టికెట్టు తేదీ ఉంటుంది. కుంటుకుంటూనైనా తరువాతి ఊరు చూడవలసిందే. నెలలు చేతిలో ఉన్నవారు ఆగిపోవచ్చు. పుండు మానడానికి కావలసిన రోజులు ఇవ్వగలగడం కూడా వైద్యమే.

పుండు మానాక కెలిముతు కొండ మీది రంగురంగుల సరస్సులు చూసి, మౌమెరె చేరాము. ఈసారి వంతు నాది. కళ్ల వెనుక నొప్పి, ఒళ్లు నొప్పులు, 103 డిగ్రీల జ్వరం. పారాసెటమాల్ తప్ప మరొకటి తీసుకోలేదు. డెంగీ అనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. పరీక్షలో మలేరియా లేదు, డెంగీ ఉన్నది. నాలుగవ రోజు జ్వరం దిగింది, ఒళ్లు తేలికపడింది. అసలు జాగ్రత్త అప్పుడే మొదలు. డెంగీలో రక్తనాళాల నుండి నీరు బయటికి జారేది సాధారణంగా జ్వరం తగ్గే గంటలలోనే. “మీ తీర్పు మీది కాదు” అని నా భార్య నన్ను ఆసుపత్రిలో చేర్పించింది. రక్తపోటు మాత్ర తాత్కాలికంగా ఆపారు. ప్లేట్‌లెట్లు 62,000 వరకు దిగి వాటంతట అవే పెరిగాయి. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత, వీటిలో ఏది కనబడినా క్షణం ఆగరాదని మీరూ గుర్తుంచుకోండి.

ఈ దీవులకూ జ్వరానికీ పాత చుట్టరికమే. ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1854 నుండి 1862 వరకు ఎనిమిదేళ్లు ఈ ప్రాంతమంతా తిరిగాడు. 1858లో చలిజ్వరంతో పడుకొని ఉండగానే ప్రకృతి వరణ సిద్ధాంతం ఆయనకు తట్టింది. దానిని వ్యాసంగా రాసి డార్విన్‌కు పంపాడు. జ్వరంలో అంతటి ఆలోచన అందరికీ తట్టదు. మనవంటివారు రక్తపరీక్ష చేయించుకుంటే చాలు.

ఇటువంటి ప్రయాణం తలపెట్టిన దంపతులకు నా విన్నపం ఇది. రెండు నెలల ముందు మీ వైద్యుని కలవండి. మలేరియా నివారణ మాత్రలు మీరు వెళ్లే దీవిని బట్టి నిర్ణయించాలి. మేము సుంబావా, ఫ్లోరెస్‌ల కొరకు డాక్సిసైక్లిన్ వాడాము. తిరిగివచ్చాక నాలుగు వారాలు కూడా మింగాము. అయినా వైవాక్స్ మలేరియా క్రిములు కాలేయంలో దాగి, నెలల తరువాత తలెత్తగలవు. వాటిని తుడిచిపెట్టే ప్రిమాక్విన్ ఇవ్వడానికి ముందు జి6పిడి పరీక్ష తప్పనిసరి. అందుచేత తిరిగివచ్చిన ఏడాదిలోపు ఏ జ్వరం వచ్చినా, వైద్యుడు అడగకపోయినా, “మేము ఫలానా దీవులలో తిరిగి వచ్చాము” అని మీరే ముందు చెప్పండి, రక్తపు పూత పరీక్ష చేయించండి.

ఇక ప్రతి రాత్రి పడుకోబోయే ముందు ఒకరి పాదాలు ఒకరు దీపం వెలుతురులో చూడండి. అయిదు నిమిషాల పని. మేము ఆ నాలుగు నెలలూ చేశాము, ఇంటికి వచ్చాక కూడా మానలేదు.

శుభం.