యాభై నాలుగో ఏట హాల్ టికెట్

మా నాన్నగారు మదురైలో ఒక మిల్లులో గుమాస్తాగా పనిచేస్తూ పోస్టు ద్వారా బి.ఎ. చదివారు. మదురై విశ్వవిద్యాలయం 1971లో ఆ కరస్పాండెన్స్ చదువులు మొదలుపెట్టింది. కామరాజ్ పేరు దానికి 1978లో చేరింది. పోస్ట్‌మాన్ తెచ్చిన పాఠాల కట్ట విప్పి, మేమంతా పడుకున్నాక వంటింటి దీపం కింద కూర్చునేవారు. "ఈ వయసులో చదువేమిట్రా?" అని మా నాయనమ్మ సణిగేది. అప్పుడాయనకు నలభై కూడా లేవు. నాకిప్పుడు యాభై నాలుగు. కోయంబత్తూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో సైబర్ సెక్యూరిటీ ఎం.ఎస్సీ. చదువుతున్నాను. సణగడానికి నాయనమ్మ లేదు గాని, ఆ లోటు మా ఆవిడ తీరుస్తోంది.

ప్రమోషన్ కోసమా అని ఆఫీసులో అడుగుతారు. నేను నవ్వేసి ఊరుకుంటాను. అసలు సంగతి వేరు.

మా వెనక వీధిలో ఒక పెద్దావిడ ఉంది. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. నేను అత్తా అని పిలుస్తాను. 2024 మార్చిలో ఆవిడ మా బ్రాంచికి వచ్చి పద్దెనిమిది లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే రద్దు చేసి, వేరే ఊరి ఖాతాకు పంపమంది. పద్ధతి ప్రకారం ఎందుకని అడిగాను. మనవడి విదేశీ చదువుకంది. సంతకం సరిపోయింది, గుర్తింపు కార్డు సరిపోయింది. గుమాస్తా ఎంట్రీ వేశాడు, నేను పాస్ చేశాను. ఒకరు వేస్తే ఇంకొకరు సరిచూడాలన్న మా బ్యాంకు నియమం అక్షరాలా పాటించాం.

మూడో రోజు ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆవిడ పేరుతో మత్తుమందుల పార్సెల్ దొరికిందని, 'డిజిటల్ అరెస్టు' చేశామని, పోలీసు దుస్తుల్లో ఎవడో వీడియోలో బెదిరించాడట. అటువంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. ఆ ఏడాది అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో ఆ మాటే చెప్పారు. అత్తకు అప్పటికి ఏడు నెలలు ఆలస్యమయింది. వెంటనే 1930కి ఫోన్ చేశాం. కొద్ది మొత్తం ఒక ఖాతాలో ఆగింది. మిగతాది ఎన్ని ఖాతాలు దాటిపోయిందో!

నన్ను నిద్రపోనీయనిది డబ్బు కాదు, ఆవిడ చెప్పిన ఒక మాట. ఆ రోజు నా ఎదుట కూర్చున్నప్పుడు చేతిసంచిలో ఫోన్ నడుస్తూనే ఉందట. వాళ్ళు వింటున్నారట. "వాళ్ళకు అరవం వచ్చురా. మనింటి మాట రాదు. నువ్వు తెలుగులో అడిగుంటే చెప్పుండేదాన్ని" అంది. ముప్పై ఏళ్ళుగా కౌంటరులో తమిళం, ఇంట్లో తెలుగు. అలవాటు కొద్దీ నేనూ తమిళంలోనే అడిగాను.

ఆ జూలైలోనే చదువులో చేరాను. బి.కాం. వాణ్ణి చేర్చుకునే చోటు వెతకడానికే రెండు నెలలు పట్టింది. ఐ.ఐ.టి. కాన్పూర్ 2022లో గేట్ పరీక్ష అక్కర్లేకుండా ఈ విషయంలో ఆన్‌లైన్ మాస్టర్స్ పెట్టింది. అమెరికాలో జార్జియా టెక్ 2019లోనే పదివేల డాలర్ల లోపు ఖర్చుతో పెట్టింది. రెంటికీ నా అర్హత, నా ధైర్యం చాలలేదు. చివరికి ఒక విశ్వవిద్యాలయం దయతలచింది. చేరదలచినవారు ఆ కోర్సుకు యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఉంటే ఆ డిగ్రీ కాలేజీకి వెళ్ళి చదివినదానితో సమానమని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది.

తెల్లవారి ఐదింటికి పాఠం. లినక్స్ అనే నల్లటి తెర ముందు మొదటి నెలంతా బిక్కమొహం వేశాను. పరీక్షప్పుడు కెమెరాలో మనం తప్ప మరో మనిషి కనపడకూడదు. మొదటి సెమిస్టరులో మా ఆవిడ పాపం కాఫీ తెచ్చి పెట్టింది. తెర మీద హెచ్చరిక వచ్చింది. అప్పటినుంచి పరీక్ష రోజున గదికి గొళ్ళెం, నాకు కాఫీ లేదు.

అయితే కామర్సు చదువు వృథా పోలేదు. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలో చొరబడి, స్విఫ్ట్ ద్వారా న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు 35 ఆదేశాలు పంపారు. మొత్తం దాదాపు 95 కోట్ల డాలర్లు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు, న్యూయార్క్‌లో ఆదివారం సెలవు, మనీలాలో సోమవారం చైనా కొత్త సంవత్సరం సెలవు. ఈ లెక్క చూసుకునే దిగారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరాయి. శ్రీలంకకు వెళ్ళిన 2 కోట్లు మాత్రం 'ఫౌండేషన్' అన్న మాటలో అక్షరాలు తప్పడంతో, మధ్యలోని బ్యాంకువారు అనుమానపడి అడిగినందువల్ల ఆగాయి. క్లాసులో కుర్రవాళ్ళు కంప్యూటరు సంగతి చర్చిస్తుంటే, నేను ఆ అడిగిన మనిషి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

గూఢలిపి పాఠం దగ్గర బండి ఆగిపోయింది. 1977లో వచ్చిన ఆర్.ఎస్.ఎ. పద్ధతి అంతా శేషాల లెక్క. అత్త అప్పటికి గుడికి కూడా రావడం మానేసింది. సిగ్గు. ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"ప్రధాన సంఖ్యలు 3, 11. వాటి లబ్ధం 33. దాచవలసిన అంకె 4. దాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే 64. 33తో భాగిస్తే శేషం 31. ఇది అందరూ చూడొచ్చు. తాళంచెవి 7 ఉన్నవాడు 31ని ఏడుసార్లు వేసి గుణించి, 33తో భాగిస్తే మళ్ళీ 4 రావాలి. నాకు రావడం లేదత్తా" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తెచ్చుకుంది. "31ని ఎందుకు మోస్తావురా? 33కు రెండు తక్కువ అనుకో. రెండును ఏడుసార్లు వేస్తే 128 తక్కువ. 33 నాలుగ్గళ్ళు 132. అందులో 128 పోతే?"

"నాలుగు!"

"ఇది ఎనిమిదో తరగతి లెక్క" అంది. చాలా నెలల తర్వాత ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

ఇప్పుడు బ్రాంచిలో పెద్దవాళ్ళెవరైనా డిపాజిట్ పగలగొడతామంటే కుర్చీ వేసి, మనవాళ్ళయితే తెలుగులోనే అడుగుతున్నాను. మొన్న ఒక మామ "ఇంటి కప్పు కారుతోందిరా, నీకెందుకు ఇన్ని ప్రశ్నలు?" అని అందరిముందూ తిట్టిపోశాడు. కప్పు నిజంగానే కారుతోందట.

మూడు సెమిస్టర్లు అయ్యాయి, ఒకటుంది. వెళ్ళేటప్పుడు అత్త గేటు దాకా వచ్చి, "వచ్చే ఆదివారం ఇంకాస్త పెద్ద సంఖ్యలు పట్టుకురా" అంటుంది.