నిలబడ్డ బండికి కూలి

పిల్లలూ! నడిచే కారు పెట్రోలు తాగుతుందని మీకు తెలుసు. కదలకుండా నిలబడ్డ కారుకు కూడా ఖర్చవుతుందంటే నవ్వుతారేమో! నేను చాలా ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. నాకు కారు లేదు. కాని, మా అబ్బాయి కారెక్కినప్పుడల్లా పార్కింగు చీటీలు అడిగి తీసుకుని లెక్క చూడడం నా అలవాటు. ఆ లెక్కే ఇవాళ మీకు చెబుతాను.

ఒక కారు నిలవాలంటే 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు చోటు కావాలి. అంటే 12.5 చదరపు మీటర్లు, ఒక చిన్న గది అంత! లోపలికి రావడానికీ, తిరగడానికీ దారి కూడా ఉండాలి కదా! అందుచేత మన దేశంలో పట్టణాల ప్లానులు వేసేవారు ఆరుబయట కారు ఒక్కింటికి సుమారు 23 చదరపు మీటర్లు లెక్క కడతారు. పట్నంలో అంత నేల ఊరికే దొరుకుతుందా? అందుకే రుసుము.

ఈ రుసుములు ముఖ్యంగా మూడు రకాలు: గంటల లెక్క, రోజు లెక్క, నెల పాసు. ఒకచోట మొదటి 2 గంటలకు 30 రూపాయలు, ఆపైన గంటకు 20 రూపాయలు అనుకోండి. 5 గంటలుంటే 30కి 60 కలిపి 90 రూపాయలు. చాలాచోట్ల గంట మీద ఒక్క నిమిషం దాటినా మరో గంట కట్టవలసిందే. కనుక కారు దిగగానే గడియారం చూసుకునేవాడే తెలివైనవాడు.

డబ్బు పుచ్చుకునే యంత్రం మొదట ఎక్కడ పుట్టిందో తెలుసా? అమెరికాలోని ఓక్లహోమా నగరంలో, 1935 జూలైలో. అక్కడ ఆఫీసులకు వచ్చేవారు పొద్దున్నే దుకాణాల ముందు కార్లు పెట్టి, సాయంత్రం దాకా తీసేవారు కారు. సరుకులు కొనేవారికి చోటే లేకపోయింది! కార్ల్ మేగీ అనే పెద్దమనిషి పూనికతో మీటర్లు నిలబెట్టారు. గంటకు 5 సెంట్లు. చోటు ఒక్కరికే కాక పదిమందికీ అందాలనేదే ఆ ఏర్పాటు ఉద్దేశం.

జపానులో అయితే 1962లో చట్టమే చేశారు. కారు నిలుపుకునే చోటు చూపించనిదే అక్కడ మామూలు కారు కొనడం కుదరదు. మన హైదరాబాదు సంగతీ వినండి. మాల్స్‌లో మొదటి 30 నిమిషాలకు రుసుము తీసుకోరాదని 2018లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు చేసింది.

"ఊరికే నిలుపుకుంటే అన్నిటికంటే లాభం కదా!" అంటారా? మా వీధిలో కాలిబాట మీదే కార్లు వరసగా నిలుస్తాయి. వాటి యజమానులు కానీ కూడా కట్టరు. కాని పొద్దున్నే బడిపిల్లలు ఆ కార్లను తప్పించుకుంటూ, రోడ్డు మీదికి దిగి, బస్సుల పక్కన నడుస్తారు. చూశారా! యజమాని మిగుల్చుకున్న 30 రూపాయలకు ఆ పిల్లలు తమ ప్రాణభయం చెల్లిస్తున్నారు. ఇంతకంటే ఖరీదైన పార్కింగు ఎక్కడైనా ఉంటుందా?

ఇక మీకో లెక్క. రోజు రుసుము 80 రూపాయలు, నెల పాసు 1,500 రూపాయలు. నెలకు కనీసం ఎన్ని రోజులు వస్తే పాసు లాభం? చేసి, మీ నాన్నగారికి చూపించండి. జవాబు 19 రోజులని వస్తే, మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే!