గూబ కూత, గుండె గుబులు

భిలాయ్ ఉక్కు టౌన్‌షిప్‌లో చలికాలపు అర్ధరాత్రి. క్వార్టర్ ముందున్న చెట్టు మీంచి గుడ్డ చింపినట్టు ఓ కీచు అరుపు. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన ఆ ఇంట్లో పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. గూబ అరిస్తే చావు కబురేనని, ఇంట్లో దూరితే ఇల్లే ఖాళీ చేయాలని ఆమె చిన్నప్పటి నుంచి విన్నమాట. "తెల్లారగానే ఆ కొమ్మ కొట్టించీరా బాబూ" అంది. ప్లాంట్‌లో రిటైరైన కొడుకు నవ్వాడు: "ముప్ఫయ్యేళ్లు నైట్ షిఫ్టుల్లో విన్నానమ్మా, నాకేటయింది?" పక్కింటి బెంగాలీ ఇల్లాలికి మాత్రం అదే తెల్ల గూబ లక్ష్మీదేవి వాహనం. గోడకు ఇటు అశుభం, అటు శుభం.

అసలు సంగతి గొంతులో ఉంది. పక్షుల స్వరపేటిక శ్వాసనాళం అడుగున, అది రెండుగా చీలేచోట ఉంటుంది. పాడే పిట్టలకు అక్కడ అనేక జతల కండరాలుంటాయి. పెద్దవాటిని విని అవి పాట నేర్చుకుంటాయి. గూబకు ఆ ఏర్పాటు సాదాసీదా. దాని కూత నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. పైగా చీకట్లో రెక్కల రంగులు పనికిరావు. హద్దు చాటాలన్నా, జోడును పిలవాలన్నా గొంతే దిక్కు. పెద్ద గూబలు ముక్కు తెరవకుండానే గొంతు ఉబ్బించి వదిలే మంద్రస్వరం ఆకుల మధ్య అంతగా చెదరకుండా చాలా దూరం పోతుంది. మన ఊళ్లలో చావుపిట్ట అనే తెల్ల గూబది మాత్రం కీచు గొంతు. పెద్దావిడను లేపింది అదే.

కూతను శకునంగా కాక ఆనవాలుగా వింటే ఏం దక్కుతుందో ఛత్తీస్‌గఢ్ కథే చెబుతుంది. అడవి పైడికంటి అనదగ్గ చిన్న గూబ 1872లో తొలిసారి దొరికింది ఇప్పటి ఈ రాష్ట్రంలోనే. సేకరించిన బ్లెవిట్ పేరే దానికి పెట్టి, 1873లో ఎ.ఓ. హ్యూమ్ లోకానికి పరిచయం చేశాడు. 1884 తర్వాత దాని జాడ లేదు. అంతరించిందనే అనుకుంటుండగా 1997 నవంబర్‌లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర పమేలా రాస్‌ముస్సెన్ బృందం కంటపడింది. ఆ తర్వాత దాని కూతను రికార్డు చేశారు. మామూలు పైడికంటి కూతకూ దానికీ పోలిక లేదని తేలింది. వేరే అడవుల్లో వెతకడానికి ఆ కూతే ఆధారమైంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబను పట్టడం, చంపడం నేరం. అయినా క్షుద్రపూజల కోసం, ముఖ్యంగా దీపావళి రోజుల్లో, గూబలు బలవుతున్నాయని ట్రాఫిక్ సంస్థ 2010లో హెచ్చరించింది. భయపడేవాళ్లూ, పూజించేవాళ్లూ కూడా దాన్ని బతకనివ్వడం లేదన్నమాట.

భిలాయ్‌లో ఆ కొమ్మ మాత్రం మిగిలింది. పెద్దావిడ కిటికీ మూయించుకుంది, అంతే.