అందరూ సరేనన్న బిల్లు

2019 జూలైలో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఒక్క రాత్రిలో నిండిపోయింది. ‘గ్రీన్‌కార్డు బిల్లు పాస్. అనుకూలం 365, వ్యతిరేకం 65’. పొద్దున్నే మాచవరంలో మా పెదనాన్న కిలో మైసూర్‌పాక్ తెప్పించి వీధంతా పంచాడు. ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తాడు. కార్డు కోసం 2015లో లైన్లో నిలబడ్డాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే పెదనాన్న నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అబ్బాయ్, ఆ రోజు అందరూ సరేనన్నారు గదా. మరి కార్డు రాలేదేంది? వాడు నాతో అబద్ధాలు చెప్తున్నాడా?"

నాకు గుండె కలుక్కుమంది. నాయనమ్మ పోయినప్పుడు అన్నయ్య రాలేకపోయాడు. వస్తే వీసా స్టాంపింగ్ కోసం ఇక్కడే ఇరుక్కుపోతానని భయం. "కార్డు రానీ నాన్నా, వస్తా" అన్నాడు. ఆ మాట వినీ వినీ, కార్డు అనేది రాకపోవడానికి ఒక సాకేమో అనే అనుమానం పెదనాన్నకి పట్టుకుంది. ఆయన్ని తప్పు పట్టలేం. అన్ని ఓట్లు పడ్డ బిల్లు ఆగిపోయిందంటే ఎవరు నమ్ముతారు?

ముందు లైను సంగతి చెప్పాను. ఉద్యోగాల కోటాలో అమెరికా ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లలు కూడా ఈ లెక్కలోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని 1990 నాటి చట్టంలో ఉంది. అంటే సుమారు 9,800. ఐస్‌లాండ్‌కైనా ఇండియాకైనా అదే హద్దు. వేరేవాళ్లు వాడుకోకుండా మిగిలినవి అప్పుడప్పుడు మనవాళ్లకి వస్తాయి గానీ, లైను ముందు అవి ఏ మూలకీ చాలవు. అన్నయ్య ఉన్న కేటగిరీలో ఇప్పుడు నడుస్తున్నది అన్నయ్య కంటే ముందు అప్లై చేసినవాళ్ల వంతు.

ఈ 7 శాతం హద్దు తీసేయాలన్నదే ఆ బిల్లు. 2017లో మొదలైన పార్లమెంటులో దీనికి దిగువసభలోని 435 మందిలో 300 మందికి పైగా మద్దతుగా సంతకాలు పెట్టారు. అయినా నేరుగా ఓటింగ్‌కి రాలేదు. ఎందుకంటే ఏ బిల్లు ఎప్పుడు సభ ముందుకు రావాలో నిర్ణయించేది సంతకాలు పెట్టినవాళ్లు కాదు, మెజారిటీ పార్టీ నాయకత్వం. వాళ్లు తేకపోతే బిల్లు ఓడిపోదు. ఊరికే పడి ఉంటుంది.

2019లో ఆ గేటు తెరుచుకుంది. జూలై 10న 365 ఓట్లు పడ్డాయి, అదీ రెండు పార్టీల నుంచీ. మా పెదనాన్న మైసూర్‌పాక్ పంచింది అప్పుడే. కానీ ఇంకో గేటు ఉంది, సెనేట్. అక్కడ వందమందిలో 51 మంది చాలరు. చర్చ ఆపి ఓటింగ్‌కి వెళ్లాలంటేనే మామూలుగా 60 మంది కావాలి. అంత టైమ్ పెట్టకుండా గబగబా పాస్ చేయడానికి ఒక దగ్గరి దారి ఉంది: ఎవరికీ అభ్యంతరం లేదంటే పాస్. ఒక్కరు లేచి ‘అభ్యంతరం’ అంటే ఆగిపోతుంది.

"ఒక్కడంటే ఒక్కడేనా?" అన్నాడు పెదనాన్న.

"మన తాతయ్య ఇంటి స్థలం సంగతి గుర్తుందా?" అన్నాను.

నవ్వాడు. అయిదుగురు అన్నదమ్ముల ఉమ్మడి స్థలం. నలుగురు సరేనన్నారు. ఒక బాబాయ్ సంతకం పెట్టలేదు. పన్నెండేళ్లు రిజిస్ట్రేషన్ ఆగింది. బాబాయ్ చెడ్డవాడేం కాదు, తన వాటాకి దారి రావట్లేదని ఆయన బాధ.

సెనేట్‌లోనూ అంతే. బిల్లు పెట్టింది రిపబ్లికన్ మైక్ లీ, డెమొక్రాట్ కమలా హారిస్ కలిసి. 2019లోనే ముగ్గురు వేర్వేరుసార్లు అడ్డుపడ్డారు. రాండ్ పాల్ నర్సుల సంగతేంటన్నారు. తర్వాత డేవిడ్ పెర్డ్యూ. ఆ తర్వాత డిక్ డర్బిన్ లేచి, అసలు కార్డుల సంఖ్యే పెంచాలన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. 1,40,000 పెంచకుండా హద్దు మాత్రమే తీసేస్తే మన లైను తగ్గుతుంది, వేరే దేశాలవాళ్ల లైను పెరుగుతుంది. ‘హద్దు తీసేయాలా?’ అంటే అందరూ ఊ అంటారు. ‘ఎవరి వంతు వెనక్కి జరపాలి?’ అనగానే తలో మాట.

చివరికి 2020 డిసెంబర్ 2న సెనేట్ కూడా పాస్ చేసింది. గ్రూపులో మళ్లీ పండగ. కానీ సెనేట్ చాలా మార్పులు చేసింది. రెండు సభలూ ఒకే కాపీని పాస్ చేస్తేనే చట్టం. మా ఆఫీసులో ఇద్దరు ఒకే ఫైలుని రెండు రకాలుగా మార్చి, ఎవరికి వాళ్లు ‘నా పని అయిపోయింది’ అన్నట్టుంది. కలిపే పని ఎవరూ చేయలేదు. 2021 జనవరి 3న ఆ పార్లమెంటు రెండేళ్ల గడువు ముగిసింది, బిల్లు రద్దయింది. 2022 డిసెంబర్‌లో ఇంకో బిల్లుని దిగువసభలో ఓటింగ్‌కి పెడతామన్నారు. ఆఖరికి దాన్నీ పక్కన పెట్టేశారు.

"ఎవరూ వద్దనకుండానే చచ్చిపోయిందన్నమాట" అన్నాడు పెదనాన్న.

అదే అసలు విషయం. వ్యతిరేకంగా ఓటేసిన వాళ్ల వల్ల ఆగిన బిల్లు అయితే వాళ్ల పేర్లన్నా తెలుస్తాయి. ఇక్కడ ఆ 365 మందీ ‘మేం ఓటేశాంగా’ అంటారు. సెనేటర్లు ‘మేమూ పాస్ చేశాంగా’ అంటారు. ఎవరి మీదా తప్పు పడదు. లైన్లో ఉన్నవాళ్లకేమో అక్కడ ఓటే లేదు. అందరికీ ఇష్టమే, ఎవరికీ అర్జెంటు కాదు.

ఇది అమెరికా రోగం ఒక్కటే కాదు. మన మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభ ముందుకొచ్చింది 1996 సెప్టెంబర్‌లో. పెద్ద పార్టీలన్నీ పైకి సరే అన్నాయి. లోపల బీసీ మహిళలకు ఉపకోటా దగ్గర పేచీ. 2010లో రాజ్యసభ పాస్ చేస్తే, 2014లో లోక్‌సభ గడువు ముగిసేదాకా అక్కడ ఓటింగే జరగలేదు. 2023లో లోక్‌సభలో 454 మంది సరే అంటే, కాదన్నది ఇద్దరే. అప్పుడు కూడా అమలు జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతేనని అందులోనే రాశారు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం సీట్లు ఎప్పట్నుంచో ఆడవాళ్లవే. ఊళ్లో కుదిరింది ఢిల్లీలో కుదరడానికి పాతికేళ్లు దాటింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా ‘బిల్లు పాస్’ అని ఫార్వర్డ్ చేస్తే నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఏ సభలో? రెండో సభలో కూడా అదే కాపీనా? గడువు ఇంకెన్నాళ్లుంది? గ్రూపులో నన్ను అందరూ తిట్టుకుంటున్నారు. పర్లేదు.

అన్నయ్య కూతురు మూడేళ్ల వయసులో అక్కడికెళ్లింది. ఇప్పుడు పంతొమ్మిది. 21 నిండితే నాన్న వీసా మీద ఉండటం కుదరదు, సొంతంగా వేరే వీసా చూసుకోవాలి. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ మాచవరం ఫొటోల్లోనే తెలుసు. ఇదీ చెప్పాను. పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి వీడియో కాల్ చేయమన్నాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది. అన్నయ్య కంగారుగా ఎత్తాడు. "ఏంది నాన్నా, ఏమైంది?"

"ఏం లేదురా. రెండెకరాల మిరపచేను అమ్మేద్దామనుకున్నా. అమ్మట్లేదులే. ఇంకో ఏడాది కౌలుకిస్తున్నా" అన్నాడు. కాసేపాగి, "నాయనమ్మ అప్పుడు రాలేదని నిన్ను చాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోమాక" అన్నాడు.

అన్నయ్య ఏమీ అనలేదు. నేను ఫోన్ పెదనాన్నకే ఇచ్చేసి లోపలికెళ్లాను.