గడ్డిలో మాగిన పండు, పొట్లంలోని రాయి



పరమాణువు, బంధం అనగానే మన పిల్లలు పుస్తకం మూసేస్తారు. నూజివీడు మామిడితోటల్లో పెరిగే పిల్లలకు ఈ పాఠం ఇంటి కొట్టంలోనే ఉంది. పదో తరగతి చదివే మా మనవరాలికి పలక మీద బొమ్మ వేసి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

పరమాణువు నడుమ కేంద్రకం, దాని చుట్టూ ఎలక్ట్రానులు. కార్బన్‌కు ఎలక్ట్రానులు 6. లోపలి కక్ష్యలో 2, బయట 4. బయట 8 నిండితేనే దానికి స్థిమితం. ఇంకా నాలుగు కావాలి గనుక పొరుగు పరమాణువులతో జతలుగా పంచుకుంటుంది. ఒక్కొక్క జత ఒక బంధం. రెండు కార్బన్లు తమ మధ్య రెండు జతలు పంచుకొని, ఒక్కొక్కటి రెండేసి హైడ్రోజన్లను పట్టుకుంటే అది ఇథిలీన్. ముదిరిన కాయ తనంతట తానే పుట్టించుకొనే వాయువు ఇదే. కాయలోని పిండి చక్కెరగా మారేందుకు సృష్టికర్త చేసిన ఏర్పాటు. మన పెద్దలు వరిగడ్డిలో మాగవేస్తే ఆ వాయువు, వెచ్చదనం చెదరక నిలిచేవి. వాళ్లకు దాని పేరు తెలియదు, అంతే.

"మరి కార్బైడ్ ఏమిటి తాతయ్యా?" అన్నది. అందులో కాల్షియం తన బయటి 2 ఎలక్ట్రానులను ఇచ్చివేస్తుంది. మూడు బంధాలతో ముడిపడిన కార్బన్ల జంట వాటిని పుచ్చుకుంటుంది. ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకొన్నదానికి ఋణావేశం. ఆ రెంటి ఆకర్షణే అయానిక బంధం. తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు లేచి, సున్నం మిగులుతుంది. గ్యాసు వెల్డింగు మంట ఆ వాయువుదే. అది ఇథిలీన్‌ను పోలి ఉంటుంది గనుక కాయ మోసపోతుంది, రంగు తిరుగుతుంది. లేత కాయలో పిండే సరిగా చేరకపోతే తీపి ఎక్కడినుంచి వస్తుంది? అంతకంటె భయం, బజారు కార్బైడ్‌లో కలిసి ఉండే ఆర్సెనిక్, భాస్వరం. అందుకే దానితో పండ్లు మాగవేయడం మన దేశంలో నిషిద్ధం. 2011 నాటి ఆహార నిబంధనల్లోనూ ఆ మాట ఉంది. 2016లో ఇథిలీన్ వాయువును మాత్రం పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండా వాడుకోవచ్చని అనుమతించారు.

ఇదంతా ఎందుకు వచ్చిందంటే, ప్రథమ ఫలాలుగా మందిరానికి వచ్చిన ఒక బంగినపల్లి బుట్ట అడుగున ఆ పొట్లం కనబడింది. వేలంలో కొన్న పండ్లు అక్కడే పిల్లలకు పంచడం మాకు అలవాటు. ఆ బుట్ట పక్కన పెట్టించి, సాయంత్రం ఆ సహోదరుని ఇంటికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాడు. "ముందు వచ్చిన కాయకే ధర, బాబాయిగారూ. గడ్డిలో వేసి వారం కూర్చుంటే వడ్డీ ఆగుతుందా?" అన్నాడు. పొట్లాలు కట్టేది ఆయన చిన్నకొడుకు, వట్టి చేతులతో.

వడ్డీ సంగతికి నా దగ్గర జవాబు లేదు. పిల్లవాణ్ణి ఆ పని మాన్పించమని బతిమాలాను, మాన్పించాడు. వచ్చే ఏడు బుట్టలు ముదిరిన పచ్చికాయలతోనే తెమ్మనీ, మందిరం వెనుక గదిలో గడ్డి పరచి మేమే మాగవేస్తామనీ సంఘ పెద్దలం ప్రకటించాం. గడ్డి ఆ సహోదరుడే ఇస్తానన్నాడు.